మూడు చెరుపుల శేషాచలం సార్

శేషాచలం సార్ ఇక లేరన్న మాట నాకు మొదట చెప్పినవాడు సార్‌కు బట్టలు కుట్టే ప్రొద్దుటూరు టైలర్ మస్తాన్. వేములలో మా చీనీ తోటలో బత్తాయి చెట్ల డ్రిప్పు పైపులు చూసుకుంటున్న వేళ ఫోన్ మోగింది.

“అన్నా, సార్ పోయినాడు,” అన్నాడు మస్తాన్. “పొద్దున కాఫీ తాగి బోర్డు ముందర కుర్చీలో కూసున్నాడంట. అమ్మ వచ్చి పిలిస్తే పలకల్యా. నేను షాపు మూసి పోతాండా. నువ్వూ బయల్దేరు.”

ఎనభై రెండేళ్ల మనిషి పోతే దిగ్భ్రాంతి చెందడం అంత సబబు కాదు. అయినా నేను పైపు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నీళ్లు చెట్టుకు పోకుండా నా కాళ్ల మీద పడుతున్న సంగతి చాలాసేపటికి గాని తెలియలేదు. ఆయనకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పండక్కి చెబుదాం, ఆ సెలవుల్లో చెబుదాం అని వాయిదా వేస్తూ వచ్చాను. ఆయనకు మరణం ఉంటుందన్న చిన్న విషయం నా తలకు తట్టలేదు.

పులివెందుల మీదుగా జమ్మలమడుగు చేరేటప్పటికి ఇంటి ముందు చెప్పులు వీధి దాకా ఉన్నాయి. హాల్లో ఆయనను పడుకోబెట్టారు. వెనక వరండాలో ఏదో వాదన వినిపిస్తోంది. ఆ వరండా గోడకు ఒక నల్లబోర్డు ఉంది. బోర్డంటే చెక్క కాదు, గోడకే నల్లరంగు పూసినది. దాని నిండా సార్ రాత్రి రాసినది ఉంది. ఒక యువ లెక్చరర్ ఫోన్‌తో ఫొటో తీయబోతున్నాడు. సార్ భార్య వెంకటలక్షమ్మ గారు తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఆఖరి రాత కదమ్మా, ఉండనీయండి,” అన్నాడతను.

“ఆఖరిదైనా మొదటిదైనా పొద్దున తుడిచేదే నాయనా,” అన్నారామె. “ఇప్పుడే ఆలస్యమైపాయె. తుడవకుంటే ఆయన ఊరుకుండడు.”

తుడిచేశారు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, యాభై ఏళ్లుగా తుడిచినట్లే. అప్పుడు గాని ఆమె నేల మీద కూర్చుని ఏడవలేదు.

ఇది చదివేవాళ్లలో చాలామంది సార్ దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లకు ఆ తుడుపు ఏమిటో తెలుసు. తెలియనివాళ్ల కోసం, ముఖ్యంగా నా కోసం, మొదటి నుంచి చెబుతాను.

నారాపురం శేషాచలం గారి తండ్రి జమ్మలమడుగులో బడిపంతులు. సార్ అక్కడే చదివి, తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి, బొంబాయిలో ఒక పరిశోధన సంస్థలో టోపాలజీలో డాక్టరేట్ పొందారు. అక్కడే ఉద్యోగం ఇస్తామన్నా వద్దని ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీకి వచ్చారు. ఎందుకు సార్ అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు. “ఆడ లెక్కలు తెలిసినోళ్లు శానామంది ఉండారప్పా. నేను చెబ్తే ఆశ్చర్యపోయేవాడు ఒక్కడూ ల్యా.”

టోపాలజీ అంటే ఏమిటో ఆయన మాటల్లోనే చెప్పడం మేలు. మామూలు రేఖాగణితం వస్తువు కొలతలు అడుగుతుంది. ఎంత పొడవు, ఎంత వంకర అని. టోపాలజీకి కొలతలు పట్టవు. చింపకుండా, అతికించకుండా ఎంత సాగదీసినా, ఎంత నలిపినా ఒక వస్తువులో మిగిలి ఉండేదేమిటని అది అడుగుతుంది. “మనిషిలో కూడా అట్లాంటిదొకటి ఉంటుంది, వెతకండి,” అనేవారు.

నేను ఆయన క్లాసులో కూర్చున్న మొదటి రోజు, ఆయన బోర్డు మీద ఒక బనీను బొమ్మ గీశారు.

“దీనికి ఎన్ని బొక్కలు?”

నాలుగని అందరం అరిచాం. మెడకు ఒకటి, చేతులకు రెండు, కింద ఒకటి. అందరికంటే గట్టిగా అరిచినవాణ్ని నేనే కాబట్టి నన్ను లేపారు. వేముల నుంచి వచ్చిన రైతుబిడ్డను. భయం లేదు, వినయమూ లేదు.

“మా నాయన బనీనుకైతే పదిహేడు సార్,” అన్నాను.

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. “అయితే మీ నాయనే మన కాలేజీకి రావాల్సినోడు. అంత మంచి ఉపరితలం నా దగ్గర ల్యా,” అన్నారు. ఆ తర్వాత బనీను కింది అంచును పట్టుకుని పెద్దగా సాగదీసి నేల మీద పరిచినట్లు ఊహించమన్నారు. ఇప్పుడు కింది బొక్క బొక్క కాదు, అది గుడ్డకు అంచు మాత్రమే. మిగిలినవి మూడే. ఇరవై ఏళ్లు రోజూ తొడుక్కున్న బనీనుకు ఎన్ని బొక్కలున్నాయో నాకు తెలియదని ఆ రోజు తెలిసింది. నా జీవితం ఎటు పోవాలో నిర్ణయమైంది కూడా ఆ రోజే. ఆయన కడపలోని పీజీ కాలేజీకి మారినప్పుడు వెనకే వెళ్లాను. ఆయనకు తొలి పరిశోధక విద్యార్థినయ్యాను, తర్వాత అదే శాఖలో లెక్చరర్‌నయ్యాను.

ఇక చెరుపుల సంగతి.

సార్ ఏ నిరూపణనైనా నేరుగా కాగితం మీద పెట్టేవారు కారు. మొదట ఇంట్లో బోర్డు మీద రాసేవారు. పొద్దున్నే అమ్మ, అంటే వెంకటలక్షమ్మ గారు, దాన్ని తుడిచేయాలి. అడగకూడదు, ఆయన వద్దన్నా వినకూడదు. అది పెళ్లయిన కొత్తలో పెట్టుకున్న నియమం. ఇది మొదటి చెరుపు. రెండో రోజు ఏమీ చూడకుండా మళ్లీ రాయాలి. మళ్లీ అమ్మ తుడుస్తుంది. మూడోసారి రాసేవాడు తాను కాకూడదు, ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు తన సొంత బుర్రతో అదంతా బోర్డు మీద కట్టుకుంటూ రావాలి. సార్ కుర్చీలో కూర్చుని ఒక్క మాట కూడా అందించరు. అయిపోయాక ఒకటే ప్రశ్న అడుగుతారు.

“యాడ ఆగినావప్పా?”

ఆగిన చోటు చూపించాలి. దాన్ని ఇద్దరూ కలిసి తవ్వి చూస్తారు. అమ్మ వచ్చి తుడిచిన తర్వాతే కాగితం, కలం. మూడు చెరుపులకు నిలిచినదే గణితం, మిగతాది సుద్దపొడి అనేవారు. ఈ పద్ధతి వల్ల ఆయన జీవితమంతా కలిపి అచ్చువేసినవి తక్కువ పత్రాలే. పై అధికారులు ఆ సంగతి ఎత్తిపొడిస్తే, “మా ఇంట్లో తుడిచేది శానా గట్టి మనిషి,” అని నెపం అమ్మ మీద వేసేవారు.

ఇంత గట్టి పద్ధతి ఒకే ఒక్కసారి తప్పింది. తప్పించినవాణ్ని నేను.

ఆ యేడు మేమిద్దరం ఒక సిద్ధాంతం మీద పనిచేశాం. ఉపరితలాలను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను వేరే విధంగా అతికిస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. రెండు చెరుపులు అయ్యాయి. అంతలో ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. బోర్డు కనపడదు. మరుసటి యేడు నా పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది. దానికి నాకు ఒక పత్రం తక్కువ.

“మూడో చెరుపు నీదేనప్పా ఓబులేసూ,” అన్నారు సార్. “నేను సూడలేను. మీ ఇంట్లోనే చెయ్యి. తీరిగ్గా చెయ్యి.”

కాగితాలు తీసుకుని పులివెందుల వెళ్లాను. అక్కడ మా మామ సర్పంచి ఎన్నికలో నిలబడ్డాడు. తొమ్మిది రోజులు నేను ఓట్ల కోసం జీపులో ఆ పంచాయతీ పల్లెలు తిరిగాను. కాగితాలు జీపు సీటు కింద తిరిగాయి. వాటిని విప్పలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను గాని, అదే నిజం. మామ గెలిచాడు. పదో రోజు నేను జమ్మలమడుగు వెళ్లాను. సార్ వరండాలో, అదే కుర్చీలో, కంటికి కట్టుతో ఉన్నారు.

“చేసినావా?”

“చేసినా సార్.”

“యాడ ఆగినావు?”

“యాడా ఆగల్యా సార్. నీళ్ల మాదిరి వచ్చింది.”

ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. “నీళ్ల మాదిరా,” అన్నారు. కంటి కట్టు సర్దుకుని, “సరే, పంపప్పా,” అన్నారు.

పంపాను. అచ్చయింది. అది చూసి బొంబాయిలో ఆయన చదువుకున్న సంస్థవాళ్లు ఒక యేడాది వచ్చి ఉండి ఉపన్యాసాలివ్వమని ఆహ్వానం పంపారు. దంపతులిద్దరికీ వసతి. అమ్మ సముద్రం చూడలేదు. ప్రొద్దుటూరు వెళ్లి ఒక సూట్‌కేసు కొనుక్కొచ్చారు. నీలం రంగుది, చక్రాలున్నది. జమ్మలమడుగు వీధిలో దాన్ని లాక్కుంటూ వస్తుంటే, “ఏందత్తా, కుక్కపిల్లను తోలుకొస్తాండావా?” అని ఎవరో హాస్యమాడారట. ఆమె ఆ మాట నెల రోజులు అందరికీ చెప్పుకుని నవ్వారు.

ఆ నెల తిరగకముందే చెన్నై నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి. ఒకే పేజీ. ముక్కలన్నిటికీ లోపలి పక్క, బయటి పక్క అని రెండు పక్కలుంటాయని మేము ఒకచోట అనుకుని ముందుకు పోయాం. అతికేటప్పుడు ఒక్క ముక్క మెలి తిరిగితే దానికి రెండు పక్కలుండవు, ఒకటే పక్క. అప్పుడు మా సిద్ధాంతం నిలవదు. ఉత్తరం అడుగున ఆ మెలికను పెన్సిల్‌తో బొమ్మ గీసింది.

సార్ ఆ ఉత్తరం నాకు పైకి చదివి వినిపించారు. ఆయన ముఖంలో నేను వెతికిన కోపం లేదు.

“ఎంత బాగా పట్టుకునిందప్పా ఈ పాప!” అన్నారు. “సూడు, ఒక్క బొమ్మతో కూలగొట్టింది. మనం పన్నెండు పేజీలు కట్టింది.”

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఏమి చెప్పబోయానో ఆయనకు అర్థమైందో లేదో, “పత్రిక వాళ్లకు జాబు డబ్బాలో వేసొచ్చినా,” అన్నారు. నకలు చూపించారు. పొరపాటుకు పూర్తి బాధ్యత తనదని, పంపమన్నది తానేనని, పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నానని ఉంది. బొంబాయి వాళ్లకు కూడా రాశారు, ఇది సరిదిద్దుకునే దాకా రానని. సరిదిద్దేటప్పటికి ఏళ్లు పట్టింది. ఆ ఆహ్వానం మళ్లీ రాలేదు.

నా ఇంటర్వ్యూ రెండు వారాల్లో ఉంది. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ జాబు పత్రికలో అచ్చయ్యేలోగా నాకు పదోన్నతి వచ్చింది. నా సహోద్యోగులు “పెద్దాయన ఆ వయసులో జారినాడు పాపం” అని నా ముందే అనుకున్నారు. నేను టీ తాగుతూ విన్నాను. ఆ మాటకు తల ఊపానో లేదో గుర్తు లేదు. ఊపి ఉంటానన్నదే నా భయం.

ఆ వారంలోనే సార్ అమ్మను బస్సులో మైలవరం జలాశయానికి తీసుకెళ్లారు. ఇది అమ్మ చెప్పగా విన్నది.

“ఇదో, నీ సముద్రం,” అన్నారట.

“అవతలి గట్టు కనపడ్తాండాదే!” అన్నారట ఆమె.

“సముద్రానికీ ఉంటుందే గట్టు. మన కండ్లు సాలవు, అంతే.”

“అట్లయితే నీ కంటి ఆపరేషన్ దుడ్లు దండగేనని చెప్పు,” అని ఆమె ఎకసెక్కమాడి, అక్కడే చేపలవాళ్ల తెప్పలు చూస్తూ తెచ్చుకున్న చిత్రాన్నం తిని వచ్చారట. చక్రాల సూట్‌కేసులో అప్పటి నుంచి కందిపప్పు పోసి పెట్టారు. పురుగు పట్టదని ఆమె దాన్ని మెచ్చుకుంటారు. వాళ్లిద్దరూ ఏదైనా పోగొట్టుకున్న తీరు అది. పోగొట్టుకున్నట్లే ఉండదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సార్ నాకొక పొట్లం ఇచ్చారు. విప్పితే లుంగీ. మస్తాన్ కుట్టినది. లుంగీ కొసలు రెండూ కలిపి కుడతారు కదా, దాన్ని ఒక మెలి తిప్పి కుట్టించారు. దానికి లోపలా బయటా లేదు. ఎక్కడ వేలు పెట్టి జరుపుకుంటూ పోయినా రెండు పక్కలూ తిరిగి మొదటికే వస్తుంది. చెన్నై అమ్మాయి గీసిన బొమ్మే, గళ్లగుడ్డలో.

“పెట్టుకో,” అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

నేను దాన్ని చెంపదెబ్బగా తీసుకున్నాను. బీరువా అడుగున పెట్టాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ బయటికి తీయలేదు.

సార్ మాత్రం ఆ మెలిక మీదే కూర్చున్నారు. ఏ చోట మేము పడిపోయామో ఆ చోటినే ఇల్లుగా చేసుకున్నారు. చెన్నై అమ్మాయితో ఉత్తరాలు నడిచాయి. ఆమె వేసవిలో జమ్మలమడుగు వచ్చి నెల రోజులు ఆ వరండాలో మూడో చెరుపులు చేసింది. చెమటలు కక్కుతూ “ఇక్కడ ఆగాను సార్” అని చూపించిన ప్రతిసారీ ఆయన పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టేవారు. మెలి తిరిగిన ముక్కలతో సహా ఆ సిద్ధాంతాన్ని ఇద్దరూ నిలబెట్టారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఈ రోజు ఆయన పేరు తలచుకునేది ఆ పనికే. నేను ఆ నెలంతా పరీక్ష పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి ఆ ఇంటి వైపు పోలేదు. పోతే మూడో చెరుపు చేయమంటారేమోనని భయం. గణితం నన్ను వదల్లేదు, నేనే దాన్ని వదిలాను. రీడర్‌నయ్యాను, ప్రొఫెసర్‌నయ్యాను, శాఖాధిపతినయ్యాను. ఆ తర్వాత ఒక్క కొత్త నిరూపణ కూడా రాయలేదు.

దహనం పెన్నా ఒడ్డున అయింది. సార్‌కు పిల్లలు లేరు, తమ్ముడి కొడుకు కర్మ చేశాడు. తిరిగి వస్తూ నేనూ మస్తానూ వెనకబడ్డాం.

“ఆ మెలి లుంగీ ఉండాదా అన్నా నీ దగ్గర?” అన్నాడు మస్తాన్.

ఉందన్నాను.

“అది కుట్టమన్న రోజు నేను శానా తిట్టినా ఆయన్ను. కొత్తగా నేర్చుకునేటోళ్లు సూసుకోకుండా చేసే తప్పు సార్ అది, నేను చెవి మెలేసి విప్పిస్తా, నువ్వేంది కావాలని అడుగుతాండావు అంటి. ఆయన నవ్వి, రెండు కుట్టు మస్తానూ, తప్పు చేసినోళ్లం ఇద్దరం ఉండాం అనె.”

“ఇద్దరమా?”

“ఒకటి నీకంట, ఒకటి ఆయనకంట.”

నేను నడక ఆపేశాను. ఆ మాట పదమూడు రోజులు నన్ను తిననీయలేదు.

పదమూడో రోజు దాటి, చుట్టాలు వెళ్లిపోయాక, జమ్మలమడుగు వెళ్లాను. వరండాలో అమ్మ కందిపప్పు చెరుగుతున్నారు. పక్కన నీలం సూట్‌కేసు తెరిచి ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. తొమ్మిది రోజులు జీపులో తిరిగిన సంగతి, కాగితాలు విప్పని సంగతి, అబద్ధం చెప్పిన సంగతి, ఆయన జాబు చూసి నోరు మూసుకున్న సంగతి అంతా చెప్పాను. మీ సముద్రం నా వల్లే పోయిందమ్మా అన్నాను.

ఆమె చాట ఆపలేదు.

“ఆయనకు ఆ పొద్దే తెలుసులేప్పా.”

“ఎట్ల తెలుసమ్మా?”

“యాడా ఆగల్యా అంటివి కదా. చేసినోడు యాడో ఒకచోట ఆగకుండా ఉండడు. నువ్వు గేటు దాటినావో లేదో, వీడు కాగితం విప్పల్యా వెంకటలక్ష్మీ అనె.”

“తెలిసి ఎందుకు పంపమన్నాడమ్మా?”

“నేనూ అదే అడిగితి. వానికి ఇంటర్వ్యూ ఉండాది, కొంచెం ఆత్రపడినాడు, నాకూ వాడు పైకి రావల్లని ఆత్రం ఉండాది అనె. తప్పు బయట పడినంక జాబు రాసినాడు సూడు, అది నిన్ను కాపాడేదానికి కాదప్పా. బాధ్యత నాది అని ఆయన నిజమే రాసె. ఆయప్ప అబద్ధం రాసే రకమా?” చాటలోంచి ఒక రాయి తీసి పక్కన పారేశారు. “నువ్వు వచ్చి చెప్తావని మాత్రం ఎదురుచూసినాడు. శానా ఏండ్లు సూసినాడు. కోపంతో కాదులే. నువ్వు చెప్పినంక నీతో ఆ మెలి లెక్క చేయాలని.”

ఇరవై ఎనిమిదేళ్లు ఆయన నన్ను క్షమించారా లేదా అని ఆలోచించాను. ఆయన ఆ ప్రశ్నే వేసుకోలేదు. తనకు తోడు పనిచేయవలసినవాడు ఇంకా రాలేదే అని మాత్రం చూశారు. చెంపదెబ్బ అనుకుని నేను బీరువాలో దాచినది పిలుపు. ఆయనను నేను పోగొట్టుకున్నది ఈ నెలలో కాదు, ఆ ఇరవై ఎనిమిదేళ్లలో. ఎవరు ఎంత చెప్పినా ఆ నష్టం నాకు పూడదు. అయినా ఆ సాయంత్రం వేముల బస్సులో కూర్చున్నప్పుడు, చిత్రంగా, నా మనసు తేలికగా ఉంది. అంత గొప్ప మనిషి నా అబద్ధాన్ని ఎరిగి ఉండి కూడా నా కోసం ఒక కుర్చీ ఎదురుగా ఒక బోర్డు ఖాళీగా ఉంచాడు. అంతకంటే అదృష్టం నేను అడగను.

బయల్దేరేటప్పుడు అమ్మ ఒక మాటన్నారు. “ఆయన లుంగీనే ఇన్నేండ్లూ బోర్డు తుడిచే గుడ్డ. దానికి లోపలా బయటా ల్యా, సమంగా అరుగుతుంది అని ఆయనే ఇచ్చినాడు. అరిగి పీలికలైపాయె. నీది వాడకుండా పెట్టింటావు కదా, తెచ్చియ్యి.”

నిన్న తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె దాన్ని నీళ్లలో ముంచి పిండి భుజాన వేసుకున్నారు. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడ్డాను. అచ్చయిన పత్రంలో చదువుకున్న ఆ సిద్ధాంతం, మెలి తిరిగిన ముక్కలతో సహా, చూడకుండా మొదలుపెట్టాను. నాకు అరవై నాలుగేళ్లు. కుర్చీ ఖాళీగా ఉంది. సగం బోర్డు నిండింది. మూడు వంతులు నిండింది. తర్వాత వాక్యం రాలేదు. ఎంత నిలబడినా రాలేదు.

వెనక నుంచి అమ్మ గొంతు.

“యాడ ఆగినావప్పా?”

వేలు పెట్టి చూపించాను. ఆమెకు ఆ రాత అర్థం కాదు. అయినా దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, నేను చూపించిన చోటును చాలాసేపు చూశారు. “సరే, నిలబడు అట్ల పక్కకు,” అని, పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అంతా తుడిచేశారు.